ముందు టేపులు, ఆ తరువాతే కంప్యూటరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అటక మీది ట్రంకు పెట్టెలో మా పాత స్పెక్ట్రమ్ కంప్యూటరూ, దాని పక్కనే ఏడు క్యాసెట్లూ దొరికాయని, దసరాకు మీ అమ్మ వచ్చేలోగా దానిని పని చేయించి ఆవిడను ఆశ్చర్యపరచాలని ఉందని రాశావు. ఫొటోలు చూశాను, చాలా సంతోషం కలిగింది. కానీ నీ ఉత్తరంలోని చివరి వాక్యం చదివాక కాస్త భయం కూడా వేసింది. ఇంట్లో ఉన్న ఏదో అడాప్టరు దాని వెనక రంధ్రంలో సరిగ్గా పట్టిందని, ఆదివారం స్విచ్చి వేసి చూస్తానని అన్నావు. దయచేసి వేయవద్దు. పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు సరిపడినట్టు కాదు. గవర్నరుపేటలో ముప్ఫై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగు చేసినవాడిగా నువ్వు అడిగినవన్నీ చెబుతాను, అయితే నువ్వు అడిగిన వరుసలో చెప్పను. నువ్వు కంప్యూటరు గురించి నాలుగు పేజీలు రాసి, క్యాసెట్ల గురించి ఒక్క మాటతో సరిపెట్టావు. ఆ కంప్యూటరు తన ప్రోగ్రాములను కూతలుగా దాచుకునేది క్యాసెట్ల మీదే కనుక, నా లెక్కలో పని మొదలుపెట్టవలసింది వాటితోనే.

కంప్యూటరు పోతే ఇంకొకటి దొరుకుతుంది. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన ఈ యంత్రాలు లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి, ఇప్పటికీ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్నారు. అసలు యంత్రమే లేకపోయినా, పాత యంత్రాన్ని అనుకరించే ఫ్యూజ్ అనే ఉచిత ఎమ్యులేటరు సాఫ్ట్‌వేరును నీ లాప్‌టాప్‌లో పెట్టుకుంటే అచ్చం అదే తెర, అదే మెరిసే కర్సరు కనిపిస్తాయి. ఆ ఏడు క్యాసెట్లలో కొన్న ఆటలున్న నాలుగింటికీ ఇదే మాట వర్తిస్తుంది. ఇరవై గుహల మానిక్ మైనర్ ఆట కోసం నువ్వు మన టేపును శ్రమ పెట్టనవసరం లేదు. మిగిలిన మూడింటి మీద నీలం సిరాతో రాసినది మీ అమ్మ చేతివ్రాత. వాటిలో ఉన్నది ప్రపంచంలో మరెక్కడా లేదు.

ఆ యంత్రం మా ఇంటికి వచ్చిన సంగతి నీకు ఎవరూ వివరంగా చెప్పి ఉండరు. లండన్‌లో ఉద్యోగం చేసిన మా బాబాయి 1985లో సెలవుకు వస్తూ తెచ్చాడు. అప్పుడు మీ అమ్మ తొమ్మిదో తరగతి, నేను షాపులో పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి. ఆ రోజుల్లోనే ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది కానీ, మా చుట్టుపక్కల ఎవరూ కంప్యూటరును చేత్తో తాకి ఎరుగరు. మాకు ఇంట్లోనే ఉన్నా లాభం లేకపోయింది. స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్ఎఫ్ 36వ చానల్‌లో పంపుతుంది, మా నలుపు తెలుపు టీవీకి యూహెచ్ఎఫ్ లేనే లేదు. పది రోజులు పెట్టెను చూసుకుంటూ కూర్చున్నాం. చివరికి నేను బొమ్మను టీవీ చానల్‌గా మార్చే దాని మాడ్యులేటరు డబ్బా విప్పి, వీడియో తీగను నేరుగా బయటి సాకెట్టుకు కలిపి, టీవీలో కూడా ఒక తీగ అతికించాను. ఈ సంగతి గుర్తుంచుకో, దీనితో నీకు పని పడుతుంది.

బాబాయి తెచ్చిన పత్రికల్లో ప్రోగ్రాములు వరుసల కొద్దీ అచ్చయి ఉండేవి. మీ అమ్మ వరుస నంబరుతో సహా చదివేది, నేను కొట్టేవాణ్ణి. ఆ కీబోర్డులో ఒక్కో మీట ఒక్కో పూర్తి మాట. జె నొక్కితే లోడ్, పి నొక్కితే ప్రింట్ వచ్చేవి. రెండు గంటలు కొట్టిన తరువాత కరెంటు పోతే అంతా పోయినట్టే, ఆ ఏళ్లలో కరెంటు పోని సాయంత్రం ఉండేది కాదు. అందుకే ఇరవై వరుసలకు ఒకసారి టేపు మీద దాచుకోవాలన్న నియమం మీ అమ్మ పెట్టింది. కొన్నాళ్లకు ఆవిడ పత్రికలు పక్కన పెట్టి తానే రాయడం మొదలుపెట్టింది. మొదటి సొంత ప్రోగ్రాము ఎక్కాలు. తెర మీద ఒక లెక్క అడిగి, జవాబు తప్పితే గర్రుమనేది. దానికి పేరు తెలుగు లిపిలోనే ఉండాలని పట్టుబట్టింది. మనకు కావలసిన అక్షరాలు తయారు చేసుకోవడానికి స్పెక్ట్రమ్ ఇచ్చేది 21 గళ్లు మాత్రమే, ఒక్కో గడి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. మన లిపిని ఆ గడిలో ఇరికించడం ఎంత కష్టమో గళ్ల కాగితం మీద గీసి చూస్తే నీకే అర్థమవుతుంది. తలకట్టు పెడితే కింద ఒత్తుకు చోటుండదు. 'క్క' ఒక్కదానికే ఆవిడ పైన ఒకటి, కింద ఒకటి, రెండు గళ్లు ఖర్చు చేసింది. ఆ గళ్ల కాగితాలు ఎప్పుడో పోయాయి కాబట్టి, ఆ అక్షరాలు ఇప్పుడు ఆ టేపులోనే ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. టేపు మీద ఏ ప్రోగ్రాము ఎక్కడుందో తెలియడానికి, దాచేముందు కంప్యూటరు నుంచి వచ్చే తీగ పిన్నును రికార్డరు నుంచి ఊడదీసి, రికార్డరు మైకులో మీ అమ్మ నోటితో పేరు చెప్పేది. "ఎక్కాలు, మూడోసారి, భోగి రోజు" అన్నట్టు. కంప్యూటరు మనిషి గొంతును పట్టించుకోదు, తనకు కావలసిన కూత వచ్చేదాకా ఊరికే వింటూ ఉంటుంది. కాబట్టి ఆ టేపుల్లో కీచు శబ్దాల మధ్య పద్నాలుగేళ్ల మీ అమ్మ మాట్లాడుతూ ఉంటుంది. ఇప్పుడు దొరికే సాఫ్ట్‌వేర్లు టేపు శబ్దాన్ని చిన్న ఫైలుగా మార్చేటప్పుడు సమాచారాన్ని మాత్రమే ఉంచుకుని, మాటలను చెత్త కింద లెక్కగట్టి పారేస్తాయి. ఆ చిన్న ఫైలు ఎమ్యులేటరుకు చాలు, నువ్వు దానితో తృప్తి పడకూడదు. టేపు రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా, నిశ్శబ్దంగా ఉన్న చోట్లతో సహా, నీ లాప్‌టాప్‌లోకి 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, అంటే కుదించని శబ్దపు ఫైలుగా ఎక్కించు. ఎంపీ3గా దాచవద్దు, సున్నాకూ ఒకటికీ తేడా అల నిడివిలోనే ఉంటుంది కనుక, కుదింపులో ఆ అలల అంచులు చెడిపోతాయి.

ఎక్కించే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఇంకా ఉంటే ముందుగా వాటిని విరిచేయి. నలభై ఏళ్లు నిలిచిన టేపు, పొరపాటున రికార్డు మీట నొక్కిన ఒక్క క్షణంలో పోతుంది. తరువాత వెలుతురులో క్యాసెట్టుకు ఉండే చిన్న కిటికీ గుండా టేపు చుట్టను చూడు. మన కృష్ణా తీరపు తేమకు చుట్ట అంచున తెల్లగా బూజు పడుతుంది. అది కనిపిస్తే ఆడించకుండా నా దగ్గరకు తీసుకురా. మధ్యలో ఉండే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే వేరే క్యాసెట్టు నుంచి తీసి అతికించవచ్చు. బజారులో దొరికే చవక ప్లేయర్లు వాడవద్దు, వాటి వేగం నిలకడగా ఉండదు. మంచి డెక్కు ఎక్కడైనా అడిగి తెచ్చుకుని, టేపును చదివే దాని హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, హోరు తగ్గించే డాల్బీ మీట ఉంటే ఆపివేసి, ముందు ఆ కొన్న ఆటల క్యాసెట్టుతో ప్రయత్నించు. కూత మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే హెడ్డు పక్కనున్న చిన్న మరను కాస్త కాస్తగా తిప్పుతూ శబ్దం పదునెక్కే చోట ఆపు. ఆ రోజుల్లో మా రికార్డరుకు ఆ మర ఎప్పుడూ నా స్క్రూడ్రైవరు కిందే ఉండేది.

ఈ పని అయిన తరువాత కంప్యూటరు సంగతి చూద్దాం. దానికి కావలసినది 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు. అయితే దాని పిన్నులో లోపలి రంధ్రం నెగెటివ్, బయటి రేకు పాజిటివ్. నేటి అడాప్టర్లు దాదాపు అన్నీ దీనికి తలకిందులుగా ఉంటాయి, నీ చేతిలో ఉన్నదీ అలాంటిదే అని ఫొటోలోని గుర్తును బట్టి తెలుస్తోంది. అది గుచ్చి స్విచ్చి వేసి ఉంటే లోపలి ట్రాన్సిస్టర్లు, వాటి వెంట మెమరీ చిప్పులు పోయి ఉండేవి. సరైన అడాప్టరు తెచ్చినా వెంటనే పెట్టకు. కింది మరలు విప్పి పైమూతను నెమ్మదిగా, అంగుళం మాత్రమే లేపు. కీబోర్డు పొర నుంచి వచ్చే రెండు పలచటి పట్టీలు బోర్డులో గుచ్చి ఉంటాయి. అవి ఇప్పటికి ఎండిన తాటాకులా ఉంటాయి, లాగితే విరుగుతాయి. విరిగినా దిగులు పడవద్దు, కొత్త పొరలు ఇప్పటికీ తయారు చేసి అమ్ముతున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఎండిపోయే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మాత్రం ఒక్కటి కూడా వదలకుండా మార్చాలి. ఆ పని నీకు అలవాటు లేకపోతే నేను చేసిపెడతాను.

స్విచ్చి వేసిన వెంటనే టీవీ వైపు కాక మీటరు వైపు చూడు. కింది 16కె మెమరీలోని 4116 చిప్పు ఏదైనా ఒకటి ఎంచుకుని, 16వ కాలును ఆధారంగా పెట్టుకుని, 1వ కాలు మీద మైనస్ 5, 8వ కాలు మీద 12, 9వ కాలు మీద 5 వోల్టులు ఉన్నాయో లేదో కొలువు. మైనస్ 5 లేకుండా 12 ఇస్తే ఆ చిప్పులు ఎక్కువసేపు బతకవు. కొలతల్లో ఏది తప్పినా ఆపేయి. పై 32కె మెమరీ కథ నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది: ఒక సగం చెడిపోయిన 64 కిలోబిట్ల చిప్పులను చవకగా కొని, బాగున్న సగాన్ని వాడుకున్నారు. షాపులో నేను జీవితమంతా చేసిన పని అదే.

వెనక అంచున బయటికి కనిపించే పళ్ల వరుస ఉంది కదా, కరెంటు ఉండగా దానికి ఏదీ తగిలించకూడదు. ఇది నేను సొమ్ము పోసి నేర్చుకున్నది. 1987 వేసవిలో తొందరపడి జాయ్‌స్టిక్ డబ్బాను అలాగే గుచ్చాను. తెర మీద చారలు వచ్చి యంత్రం మూగబోయింది, మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. హైదరాబాదు వెళ్లి కోఠిలోని గుజరాతీ గల్లీలో తిరిగి తిరిగి ఒక ట్రాన్సిస్టరూ రెండు మెమరీ చిప్పులూ తెచ్చి వేస్తే తప్ప మా ఇద్దరి మధ్య మాటలు కలవలేదు.

ఇక తెర. నేను చేసిన మార్పు వల్ల దాని టీవీ సాకెట్టు నుంచి యాంటెనా సిగ్నలు రాదు, నేరుగా వీడియో వస్తుంది. కాబట్టి తీగను నీ టీవీలోని పసుపు రంగు ఏవీ రంధ్రంలో పెట్టాలి. పాత పెట్టె టీవీ ఒకటి సంపాదించి విప్పాలని మాత్రం అనుకోవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పిక్చరు ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి, ఆ దెబ్బ నేను తిన్నాను, నువ్వు తినవద్దు. అన్నట్టు, మీ అమ్మ తన ప్రోగ్రామును రంగుల్లో ఎన్నడూ చూడలేదు. స్పెక్ట్రమ్ రంగుల సంఖ్యలు నలుపు సున్నా నుంచి తెలుపు ఏడు దాకా వెలుగు పెరిగే క్రమంలో ఉంటాయి, అందువల్ల మా టీవీలో అవి బూడిద రంగు మెట్లుగా కనిపించేవి. తప్పు జవాబుకు 2, ఒప్పు జవాబుకు 4 అని ఆవిడ మీటల మీద రాసిన పేర్లు చూసి ఎంచుకుంది. ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ ఎలా ఉంటాయో ఆవిడకు దసరాకే తెలుస్తుంది.

నీ సొంత టీవీ గేము గురించి కూడా అడిగావు. వేసవి సెలవుల్లో మీ తాతయ్య వార్తలు చూడకుండా మీరు టీవీని ఆక్రమించిన ఆ 8 బిట్ పెట్టె అంత సున్నితమైనది కాదు. మీరంతా క్యాసెట్టు అని పిలిచిన కార్ట్రిడ్జిలో నోటితో ఊదడం మానేయి; ఉమ్మి తడికి రాగి పళ్లు చిలుం పడతాయి. దూదికి ఆల్కహాలు అద్ది తుడిస్తే చాలు. కాంట్రా ఆటలో ముప్ఫై ప్రాణాల కిటుకు ఇప్పటికీ పని చేస్తుంది. బాతులను కాల్చే ఆటకు వాడే తుపాకీ మాత్రం నీ గోడ టీవీ మీద పేలదు, ఎందుకంటే అది పాత ట్యూబు తెర మీద వెలుగు పడే క్షణాన్ని పట్టుకుని గురి లెక్క కడుతుంది, కొత్త టీవీలు ఆ వెలుగును ఆలస్యంగా చూపిస్తాయి. స్పెక్ట్రమ్ అడాప్టరును దీనికి, దీనిది దానికి ఎప్పుడూ మార్చి పెట్టకు.

పండగ రోజు లాప్‌టాప్ నుంచి ఒక్క నొక్కుతో ప్రోగ్రామును తెరిచి చూపించవద్దని నా మనవి. నీ వేవ్ ఫైలునే తీగ ద్వారా కంప్యూటరుకు వినిపించు. ముందు ఎరుపు, లేత ఆకాశనీలం చారలు, తరువాత ముదురు నీలం, పసుపు చారలు వచ్చి, రెండు మూడు నిమిషాలు అందరూ ఏమీ చేయకుండా కూర్చోవాలి. మధ్యలో టేపు తప్పు అని ఒకసారి వచ్చినా కంగారు పడకు, శబ్దం కాస్త పెంచి మొదటి నుంచి మళ్లీ పెట్టు. మీ అమ్మ అప్పుడు ఊరికే కూర్చోదు, ఎంత పెంచాలో తనే చెబుతుంది.

నీలి సిరా క్యాసెట్లలో రెండోదాని రెండో వైపు, సగం దాటాక, ఎక్కాలు అయిదోసారి దాచేముందు మీ అమ్మ పేరు చెప్పబోతుంటే వంటింట్లోంచి మీ అమ్మమ్మ "ఆ పెట్టె ఆపి అన్నానికి రండి" అని కేకవేసినది ఎక్కి ఉండాలి. ఆవిడ గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు. ఆ వైపు ఎక్కించేటప్పుడు దగ్గరే ఉండు, పూర్తవగానే ఒక ప్రతి నాకు పంపు. దసరాకు మాత్రం ఆ చోటు వచ్చేముందు మీ అమ్మకు ఒక మాట చెప్పి, కూర్చోబెట్టి, ఆ తరువాతే వినిపించు.

ఇట్లు,
మీ మామయ్య