మట్టాంచేరిలో కొత్త కాపురం

ప్రశ్న: మా వారికి కొచ్చి ఓడల నిర్మాణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. నేను కూడా అక్కడే ఏదైనా బడిలో లెక్కలు చెప్పాలనుకుంటున్నాను. ఎర్నాకుళంలో తెలుగువాళ్లున్న చోటే ఇల్లు చూసుకోమని బంధువులు అంటున్నారు. మాకేమో కొచ్చిలోని పాతపేట మట్టాంచేరి మీద మనసుంది. భాష రాని చోట, ఇన్ని రకాల జనం మధ్య ఇమడగలమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా ఇమడగలరు. మట్టాంచేరిలో నాలుగేళ్లు అద్దెకున్నదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. అక్కడ ఎన్నో కుటుంబాల పెద్దలు ఒకప్పుడు మీలాగే పెట్టేబేడా సర్దుకుని వచ్చినవారే. 16వ శతాబ్దంలో గోవాలో పోర్చుగీసుల నిర్బంధం భరించలేక తరలివచ్చిన కొంకణీలకు అక్కడున్న ‘తిరుమల దేవస్థానం’ అనే గుడిలో కొలువై ఉన్నది మన వేంకటేశ్వరుడే. కొచ్చి రాజు ఇచ్చిన స్థలంలో, రాజభవనాన్ని ఆనుకుని, యూదులు 1568లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. వారిలో చాలామంది తరువాతి కాలంలో ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. ఆ యూదుల వీధిలో నడిచినప్పుడల్లా నాకు మనసు బరువెక్కేది. గుజరాతీల కొట్లు, తమిళ కుటుంబాలు తరతరాలుగా బట్టలు ఉతికి గంజి పెట్టే ధోబీఖానా, అన్నీ నడక దూరంలోనే ఉంటాయి.

మలయాళం రాదని జంకకండి. వాళ్ల ‘రండు’ మన ‘రెండే’. పాల కొట్టులోని ఆవిడను నేను ‘చేచ్చీ’ (అక్కా) అని పిలిచిన రోజు నుంచి, ఏ మాటైనా తప్పు పలికితే నవ్వకుండా, రెండుసార్లు నా చేత సరిగ్గా పలికించి, ఆ తరువాతే పాలు చేతికిచ్చేది. ఆంగ్ల మాధ్యమం బడుల్లో లెక్కలు చెప్పడానికి భాష అడ్డు కాదు. కానీ పిల్లల తల్లులతో, ఆయాలతో మనసు కలవాలంటే మలయాళమే కావాలి. తెలుగువాళ్ల మధ్యే ఉంటే అది నేర్చుకునే అవసరమే రాదు, అందుకే బంధువుల సలహాతో నేను ఏకీభవించలేను.

మీ వారు తోప్పుంపడి మీదుగా బస్సులో పనికి వెళ్లవచ్చు. ఎర్నాకుళంలో పనులుంటే ఫోర్ట్ కొచ్చి రేవు నుంచి పడవ ఉంది. జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యాక బట్టలు ఆరవు, పుస్తకాలకు బూజు పడుతుంది. పల్లపు వీధుల్లోకి పోటు నీళ్లు కూడా వస్తాయి కనుక మేడమీది వాటా దొరికితే మేలు. కింది వాటాయే దొరికితే, బయానా ఇచ్చే ముందు గోడల అడుగున చెమ్మ గీతలను వంగి చూడండి. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడే తెలుస్తుంది.