డర్బన్ నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అయిదు అధ్యాయాలూ చదివాను. డర్బన్‌లోని తెలుగు కుటుంబం మీద, అదీ దక్షిణాఫ్రికాలో అపార్థైడ్ అనే వర్ణవివక్ష పాలన నడిచిన రోజుల మీద నవల రాయడానికి పూనుకున్నావు చూడు, అందుకు ముందుగా శభాష్. 1860లో మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ అక్కడికి చేరింది, 1931లోనే డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, అయినా వాళ్ల బతుకు మన సాహిత్యంలోకి వచ్చింది చాలా తక్కువ. కాబట్టి ఈ పని ఆపకు. కానీ ఇప్పుడున్నది ఉన్నట్టుగా మాత్రం అచ్చుకి ఇవ్వకు.

ఎందుకో చెప్తాను. ‘తెల్లవాళ్లకు మాత్రమే’ అన్న బోర్డు నీ నవలలో అడుగడుగునా ఉంది. బీచ్‌లో, బెంచీ మీద, పోస్టాఫీసు కిటికీ దగ్గర. అవన్నీ నిజమే, కాదనను. కానీ ఆ బోర్డు సంగతి పాఠకుడికి ముందే తెలుసు, అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఆ ప్రభుత్వం చేసిన అసలు పని బోర్డు మీద కనిపించేది కాదు. అది బడి బడ్జెట్‌లో, సిలబస్‌లో, కాలేజీ అప్లికేషన్ ఫారంలో ఉంది. ఎవరికి ఎంత తెలియాలో, ఎవరు ఎక్కడిదాకా చదవాలో సర్కారే కూర్చుని తేల్చేసింది. నువ్వు పట్టుకోవాల్సింది అదీ.

రెండో అధ్యాయంలో కథానాయకుడి ఇంట్లో పనిచేసే జులూ మనిషి, అక్కడి నల్లజాతి ఆడమనిషి, ఉంది కదా, ఆమె గురించి ‘అక్షరం ముక్క రాని మనిషి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. పేరు కూడా పెట్టలేదు. నా దృష్టిలో నీ నవలకి ప్రాణం అక్కడే ఉంది. నీ కథ 1970లో మొదలవుతుంది, ఆమెకి ఇరవై ఒకటో ఇరవై రెండో అన్నావు. అంటే నల్లపిల్లల చదువుని సర్కారు తన గుప్పిట్లోకి తీసుకున్న బంటూ విద్యా చట్టం వచ్చిన 1953 నాటికి ఆమె నాలుగైదేళ్ల పిల్ల. ఆ చట్టం తెచ్చిన మంత్రి వెర్వోర్డ్, బతుకులో వాడుకునే వీలు లేనప్పుడు నల్లపిల్లలకి లెక్కలు నేర్పి ఏం లాభం అని పార్లమెంటులోనే అడిగాడు. తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. మిషనరీలు నడిపే బడులకు గ్రాంట్లు కోసేశారు, చాలామంది బడుల్ని సర్కారు చేతిలో పెట్టారు, కొందరు అప్పగించడం ఇష్టంలేక మూసుకున్నారు. నల్లపిల్లల చదువుకి ఖజానా నుంచి ఏడాదికి 65 లక్షల పౌండ్లు అని గీత గీశారు, అంతకు మించి కావాలంటే నల్లవాళ్లు కట్టిన పన్నుల్లోంచే రావాలి. పిల్లలు ఏటా పెరిగారు, ఆ అంకె పెరగలేదు. మరి ఎలా సరిపెట్టారంటే, మొదటి రెండు తరగతులకీ షిఫ్టులు పెట్టారు, ఒక బ్యాచ్ పొద్దున మూడు గంటలు, అదే టీచరు, అదే గదిలో ఇంకో బ్యాచ్ తర్వాత మూడు గంటలు.

ఇప్పుడు చెప్పు, ఆ మూడు గంటల బడిలో కూర్చున్న పిల్లకి అక్షరం రాలేదంటే ఆ తప్పు ఎవరిది? ‘అక్షరం ముక్క రాని మనిషి’ అని రాసినప్పుడు అది ఆమె లోపంలా వినిపిస్తోంది. ఆ వాక్యం తీసేయ్. ఆ గది చూపించు. పొద్దుటి బ్యాచ్ బయటికి వస్తుంటే మధ్యాహ్నం బ్యాచ్ లోపలికి వెళ్లడం, రెండో బ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి టీచరు గొంతు పోవడం, ఇలాంటివి రాయి. కోపం తెచ్చుకోమని పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, ఇది నీకు కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు. నీ నవలలో మనవాళ్లు కేవలం బాధితులు. 1975-76లో సర్కారు ఒక్కో తెల్లపిల్లాడి చదువుకి 644 ర్యాండ్లు (అక్కడి కరెన్సీ), భారతీయుల పిల్లాడికి 189, మిశ్రమ జాతి పిల్లాడికి 139, నల్లపిల్లాడికి 42 ఖర్చుపెట్టింది. మనవాళ్లు మధ్య మెట్టు మీద ఉన్నారు. పైవాడు తొక్కుతున్నాడు, కింద ఇంకొకరు ఉన్నారు, ఆ కిందున్న మనిషి మన వంటింట్లోనే గిన్నెలు తోముతోంది. కథానాయకుడి తల్లి ఆమెని ఎలా పిలుస్తుంది, ఏ గ్లాసులో టీ ఇస్తుంది? ఇది రాయకపోతే నీ నవల సగం అబద్ధం అయిపోతుంది. మనవాళ్లని తక్కువ చేయమని కాదు నేను చెప్పేది, తమ పిల్లల బడుల కోసం అక్కడి భారతీయులు సొంత డబ్బు పోగేసి గోడలు లేపిన చరిత్ర కూడా ఉంది, దాన్నీ రాయి. రెండూ ఒకే ఇంట్లో ఉండనీ. ప్రభుత్వం మనుషుల్ని మెట్లుగా పేర్చినప్పుడు మధ్యలో ఉన్నవాడికి తన పైవాడి మీద కోపం, కిందివాడి పక్కకి జారిపోతానేమోనన్న టెన్షన్, రెండూ ఒకేసారి ఉంటాయి. ఆ టెన్షన్‌తోనే ఆ వ్యవస్థ అన్నేళ్లు నడిచింది అనుకుంటాను నేను.

కథానాయకుడి కాలేజీ చదువు మూడు లైన్లలో తేల్చేశావు, అక్కడా నిలబడు. 1959 చట్టం తర్వాత తెల్లవాళ్ల యూనివర్సిటీలో చేరాలంటే మిగతావాళ్లు మంత్రి పర్మిషన్ తెచ్చుకోవాలి. భారతీయులకి విడిగా డర్బన్ రేవులో, సాలిస్‌బరీ దీవి మీద నౌకాదళం పాత బ్యారక్‌లలో 1961లో కాలేజీ తెరిచారు, పిల్లలు ఫెర్రీ ఎక్కి క్లాసుకి వెళ్లేవాళ్లు. మీ కథానాయకుడి పెద్దన్న ఆ ఫెర్రీ ఎక్కినవాడు కావచ్చు కదా!

తెల్లవాళ్లని కూడా వదిలేయకు. వాళ్లకి బడులున్నాయి, లైబ్రరీలున్నాయి, అయినా వాళ్లకి తెలియనిచ్చింది తక్కువే. ప్రభుత్వం ‘బ్యాన్’ చేసిన మనిషి మాటని పత్రికలో అచ్చువేయడం నేరం. టీవీ 1976 దాకా ఆ దేశంలో లేనే లేదు, 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెడుతుంటే అంత డబ్బున్న దేశంలో ఇళ్లలో కూర్చుని లైవ్‌లో చూడలేకపోయారు. పక్క వీధిలో ఏం జరుగుతోందో తెలియకుండా పెరిగిన తెల్లపిల్లాడు పెద్దయి ఓటు వేస్తాడు, జడ్జి అవుతాడు. నీ నాలుగో అధ్యాయంలో పోలీసు ఆఫీసరు పుట్టు రాక్షసుడిలా ఉన్నాడు. అతను ఏ పాఠ్యపుస్తకం చదివి పెరిగాడో ఆలోచించు.

చివరి అధ్యాయానికి ఉపన్యాసాలు వద్దు, వస్తువు వెతుకు. సన్నీ వెంకటరత్నం అని డర్బన్ మనిషి, రాజకీయ ఖైదీగా రాబెన్ దీవి జైల్లో ఉన్నాడు. పుస్తకాలు లాగేసుకుంటుంటే, షేక్‌స్పియర్ సంపుటానికి ఇంటి నుంచి వచ్చిన దీపావళి గ్రీటింగ్ కార్డులు అంటించి, దేవుళ్ల బొమ్మలు పైకి కనిపించేలా పెట్టి, ఇది నా బైబిల్ అని వార్డర్‌కి చెప్పాడు. తోటి ఖైదీలు ఆ పుస్తకంలో తమకి నచ్చిన చోట సంతకాలు పెట్టారు. పిరికివాడు చావకముందే ఎన్నోసార్లు చస్తాడన్న మాటల పక్కన 1977 డిసెంబర్ 16న మండేలా సంతకం ఉంది. ఆ దీపావళి కార్డు అట్ట ఒక్కటి నువ్వు రాసిన నాలుగు పేజీల చర్చ కన్నా ఎక్కువ చెబుతుంది.

మధ్యలో మన మాలపల్లెతో పోలుస్తూ రెండు పేజీలు రాశావు. ఉద్దేశం మంచిదే, కానీ తీసేయ్. తెలుగు పాఠకుడికి ఆ పోలిక తనంతట తనకే తడుతుంది, నువ్వు వేలు పెట్టి చూపిస్తే వాడి ఆలోచన ఆగిపోతుంది.

ముగింపు అందరికీ మొదటిసారి ఓటు వచ్చిన 1994 ఎన్నికల క్యూతో, ఆ తర్వాతి రాజ్యాంగంతో అనుకుంటున్నట్టు రాశావు. 1996 రాజ్యాంగంలో ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది, కాబట్టి అక్కడ ఆపాలని నీకు అనిపించడం సహజమే. కానీ ఆ రోజు క్యూలో మీ జులూ మనిషి కూడా ఉంటుంది, నలభై అయిదేళ్ల మనిషి. ఆమె ఓటు ఆమెకి వచ్చింది, ఆమె లెక్కలు రాలేదు. ఆమె కూతురికి బళ్లో లెక్కలు చెప్పే టీచరు కూడా ఆ మూడు గంటల బడిలోంచి వచ్చినవాడే. ఈ సంగతి ఒక్క పేరా అయినా ఉండాలి.

ముందు రెండో అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఆమె పేరేమిటి, ఊరేది, ఎన్నో తరగతిలో మానేసింది, ఎందుకు మానేసింది, ఇవన్నీ తేల్చుకున్నాకే మొదలుపెట్టు. దసరాలోపు పంపితే ఈసారి ఇంటికి వచ్చేయ్, కూర్చుని లైను లైనూ చదువుకుందాం.

నీ అన్న