మాస్టారూ, ముందు ఆ నోటుబుక్కు తెరవండి

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. వెటర్నరీ సీటుకు సరిపడా ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపుతానంటే వద్దంటున్నాడు. ఏడాదిగా పెరట్లో 40 నాటుకోళ్లు పెంచుతున్నాడు. దాణా కొనడు, ఇంట్లోనే కలుపుతాడు. తూకాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆ ఓపిక పరీక్ష మీద పెట్టి ఉంటే సీటు వచ్చేది. ఇప్పుడు అయిదు లక్షలు ఇస్తే షెడ్డు వేసి 500 కోళ్లతో ఫారం పెడతానంటున్నాడు. లాంగ్ టర్మ్, మామూలు డిగ్రీ, కోళ్ల ఫారం, ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను.

జవాబు: మాస్టారూ, పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ ఉత్తరం బరువంతా ఆఖరి వాక్యంలోనే ఉంది. ర్యాంకులు వచ్చిన నెల తిరక్కుండా ఏటా ఇదే ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఒక ఏడాది ఫొటోగ్రఫీ అంటారు, ఒక ఏడాది పుట్టగొడుగులు, ఇంకో ఏడాది టీ కొట్టు. ఈసారి కోళ్లు. లోపలి భయం మాత్రం అదే. "వీడు ఏమైపోతాడో" అన్నది అందులో సగం. "పెళ్లిలో ఎవరైనా మీవాడు ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పను" అన్నది మిగతా సగం. మొదటిదానికి నా దగ్గర జవాబుంది. రెండోది మీరే చెప్పుకోవాలి.

మీ ఉత్తరంలో నోటుబుక్కు మాట దగ్గర నేను ఆగిపోయాను. లెక్కల మాస్టారు కదా, ఆ పుస్తకం ఒక్కసారైనా తెరిచి చూశారా? చూడలేదనే నా అనుమానం. చూసి ఉంటే అందులో ఏముందో నాకు రాసేవారు.

దాణా కలపడమంటే చాటలో నాలుగు రకాల గింజలు పోసి చేత్తో తిప్పడం కాదండీ. కోడిపిల్లకు మొదటి వారాల్లో దాణాలో 20 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. ఎదిగే వయసులో 16 శాతం సరిపోతుంది. గుడ్లకు వచ్చిన పెట్టకు వీటితో పాటు కాల్షియం మూడు శాతం పైనే కావాలి, అందుకే గుల్ల పొడి కలుపుతారు. అదే గుల్ల అదే మోతాదులో ఎదిగే పిల్లకు పెడితే దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి. అంటే తల్లికీ పిల్లకీ ఒకే గిన్నెలో పెట్టడానికి లేదు. ఇక దినుసులు చూడండి. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతం దగ్గర, తవుడులో 12, 13 శాతం, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కలో 40 పైన. మన వైపు దొరికే చోళ్లలో, అంటే రాగుల్లో, కాల్షియం బాగా ఉంటుంది, మాంసకృత్తులు తక్కువ. సోయా మంచిదే గానీ పచ్చి గింజలు పెడితే కోడికి అరగదు, వేయించాలి.

ఇప్పుడు మీకు ఒక లెక్క ఇస్తాను. మొక్కజొన్న, తవుడు కలిపిన పిండిలో మాంసకృత్తులు 10 శాతం. వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి కలిపినదాంట్లో 42 శాతం. నాకు 18 శాతం ఉన్న దాణా కావాలి. ఏ పాళ్లలో కలపాలి? 42 లోంచి 18 తీసేస్తే 24. 18 లోంచి 10 తీసేస్తే 8. 24కు 8, అంటే మొదటిది మూడు పాళ్లు, రెండోది ఒక పాలు. పశుపోషణ చదివేవాళ్లు దీన్ని పియర్సన్ చతురస్రం అంటారు. మీరు బడిలో ఏటా చెప్పే మిశ్రమాల లెక్క ఇదే కదా? మీ క్లాసులో ఎంతమంది దీన్ని చెయ్యగలరో నాకు తెలియదు. మీ పెరట్లో ఒకడు చేస్తున్నాడని మాత్రం మీ ఉత్తరమే చెబుతోంది.

ఇందులో ప్రాణాల మీదికి వచ్చే సంగతి కూడా ఒకటుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు. అఫ్లాటాక్సిన్ అనే విషం సంగతి ప్రపంచానికి తెలిసింది అలాగే. మన దగ్గర తుపాను ముసురు పట్టిన వారం రోజుల్లో గోనెసంచిలో చెక్క ముక్కిపోవడం చూసే ఉంటారు. బూజు దులిపి ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు. మీవాడు ఎప్పుడైనా ఒక సంచి చెక్క పారబోసి ఉంటే డబ్బు తగలేశాడని తిట్టారేమో గుర్తు చేసుకోండి.

ఇంత చెప్పాను కదా అని అయిదు లక్షల విషయంలో నేను మీవాడి పక్షం అనుకోకండి. అక్కడ నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఈ మాటలు అతనికే చదివి వినిపించండి.

ఉద్యోగం మానేసి నాటుకోళ్లు పెంచి నెలకు లక్ష సంపాదిస్తున్నామనే వీడియోలు నేనూ చూస్తాను. వాటిలో చాలామంది అమ్మేది కోడిని కాదు, కోడిపిల్లల్ని. కొనేది మీవాడి లాంటి కొత్తవాళ్లు. కొత్తవాళ్లు వస్తున్నంత కాలం ఆ వ్యాపారం నడుస్తుంది. 2010 ప్రాంతంలో ఈము పక్షుల సంగతి గుర్తుందా? మా తోడల్లుడు ఆరు జతలు కొన్నాడు. పిల్లల్నీ గుడ్లనీ మేమే తిరిగి కొంటామని కాగితం రాసిచ్చినవాళ్లు రెండేళ్లకు ఫోను ఎత్తడం మానేశారు. ఆ పక్షుల్ని తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు, దాణా మాత్రం తింటూనే ఉన్నాయి. ఈము అయ్యాక కౌజు పిట్టలన్నారు, తర్వాత కడక్‌నాథ్ నల్లకోడి అన్నారు. కోడి మంచిదే, నాకు కోడితో తగాదా లేదు. ఎవరికి అమ్మాలో తెలియకుండా కొనడంతోనే తగాదా.

సంక్రాంతికి పుంజు ఇంత పలికింది, అంత పలికింది అని పేపర్లో చదివి లెక్కలు వేసుకునేవాళ్లు కూడా వస్తుంటారు. అది పందెం ధర, కూర ధర కాదు. పైగా కోడిపందేలు చట్టరీత్యా నేరం. దాని మీద ఇల్లు నడపలేరు.

నలభై కోళ్లు వేరు, అయిదొందలు వేరు. నలభై కోళ్లకు మీ పెరడే సగం మేపుతుంది. కళ్లంలో రాలిన వడ్లు, పెంటకుప్పలో పురుగులు, వంటింట్లో మిగిలిన అన్నం. అందుకే అవి లాభంగా కనిపిస్తాయి. అయిదొందలకు అవేవీ ఆనవు, ప్రతి గింజా కొనాల్సిందే. కోళ్ల పెంపకం ఖర్చులో నూటికి 60, 70 వంతులు దాణాకే పోతుంది. అసలు నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రకం పెట్ట పెరట్లో వంద పైన పెడుతుంది, గ్రామప్రియ 160 దాటుతుంది. కానీ అవి గుడ్లు పొదగడానికి పెద్దగా కూర్చోవు, కాబట్టి ప్రతిసారీ పిల్లల్ని బయట కొనుక్కోవాలి.

ఇక కొక్కెర తెగులు. వచ్చిందంటే వారంలో షెడ్డు ఖాళీ. మొదటి వారంలో కంట్లో చుక్కల మందు, రెండు నెలల వయసులో సూది తప్పనిసరి. కలిపిన టీకా గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, అప్పటిదాకా చల్లగా ఉండాలి. కరెంటు పోయిన రోజు ఏం చేస్తాడో అడగండి. మనం అన్నీ సరిగ్గా చేసినా ఎక్కడో తెగులు వస్తే మన అమ్మకం పడిపోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఇక్కడ చికెన్ కొట్ల ముందు కూడా మనుషులు లేరు.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం రాజాం వైపు కుర్రాడు ఒకడు హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి అచ్చం ఇదే అడిగాడు. అతని ఉత్సాహం చూసి నేనే సరే అన్నాను. ఇంతకుముందు ఎన్ని కోళ్లు పెంచావని అడగలేదు. ఒక్కటి కూడా పెంచలేదని తర్వాత తెలిసింది. మొదటి చలికాలంలోనే 600 కోడిపిల్లల్లో సగం పైగా పోయాయి. అతను మళ్లీ ఉద్యోగంలో చేరాడు, అప్పు మొన్నమొన్ననే తీరింది. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు నేను అడిగేది లెక్కల పుస్తకం. మీవాడి దగ్గర అది ఉంది. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

సబ్సిడీ వస్తుందని అతను అని ఉంటాడు. జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం, 25 లక్షల దాకా ఇచ్చే మాట నిజమే. కానీ అది కనీసం 1000 పెట్టల మాతృఫారం, గుడ్లు పొదిగించే హేచరీ, కోడిపిల్లల్ని నాలుగు వారాలు పెంచే యూనిట్ కలిపి పెట్టేవాళ్లకు. అయిదొందల కోళ్ల షెడ్డుకు ఆ లెక్క వేసుకోకూడదు. మీరూ పీఎఫ్ లోను జోలికి వెళ్లకండి. ఒక పాతిక వేలు చేతికిచ్చి, ఈ ఏడాది వందకు పెంచమనండి. కొన్న ప్రతి కిలో, చచ్చిన ప్రతి పిల్ల, అమ్మిన ప్రతి గుడ్డు రాయమనండి. తన కూలి కూడా రాయమనండి. చాలామంది లాభం చూపించేది ఆ కూలి రాయకే.

ఇక మీరడిగిన పోలిక. లాంగ్ టర్మ్ వద్దన్న పిల్లాణ్ణి బలవంతంగా పంపితే, ఫీజు కట్టి వాడి అలకను హాస్టల్లో పెట్టినట్టే. అతనే ఇంకోసారి రాస్తానంటే వేరే మాట. వెటర్నరీ కాలేజీ మీ పక్కనే గరివిడిలో ఉంది. ఇంటర్న్‌షిప్ ఏడాదితో కలిపి అయిదున్నరేళ్ల చదువు. ఒక్కసారి దాని గేటు లోపలికి తీసుకెళ్లి చూపించండి, నా కోచింగ్ సలహాల కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

మామూలు డిగ్రీలో జువాలజీతో బీఎస్సీ చేస్తే విజయనగరం రోజూ వెళ్లి రావచ్చు, కోళ్లూ నడుస్తాయి. మీవాడి విషయంలో నా ఓటు దీనికే, కానీ మీరు అనుకునేంత నమ్మకంతో కాదు. డిగ్రీ పట్టా ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టే రోజులు మీకూ నాకూ అయిపోయాయి. దానితో పాటు దూరవిద్య నడిపే ఇగ్నోలో ఆరు నెలల పౌల్ట్రీ సర్టిఫికెట్ చెయ్యొచ్చు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి శిక్షణలు ఎప్పుడున్నాయో అడగొచ్చు. ఇచ్ఛాపురం దాటి రైల్లో కాస్త ముందుకెళితే భువనేశ్వర్‌లో కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది, అక్కడా నేర్పుతారు.

మీరు రాయని నాలుగో దారి కూడా ఉంది, రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా. దానికి అర్హత పదో తరగతి. "ఇంటర్ అయ్యాక మళ్లీ పది చదువా" అని మీరు మొహం చిట్లించడం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. 2023 నవంబరులో గ్రామ పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 1,896 పడ్డాయి. ఆ డిప్లొమా ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు, పెద్ద డిగ్రీలు ఉన్న మనవాళ్లు చూస్తూ కూర్చున్నారు. వయసు పరిమితి ఉంటుంది, ఇంటర్ పాసైనవాళ్లను చేర్చుకుంటారో లేదో కూడా ముందు కనుక్కోండి, కాబట్టి ఆలోచిస్తే ఇప్పుడే ఆలోచించండి.

కాస్త కఠినంగా ఒక మాట అంటాను, పెద్దమనసుతో తీసుకోండి. చుట్టాలు వస్తే మీ ఇంట్లో నాటుకోడి కూర వండుతారా లేదా? "మా పెరట్లోదే, తినండి" అని కొసరి వడ్డిస్తారా లేదా? పెరటి పేరు చెప్పడానికి లేని సిగ్గు పెంచినవాడి పేరు చెప్పడానికి ఎందుకు? మీవాడు తాగి తిరగడం లేదు, ఫోనులో పందేలు కాయడం లేదు. పొద్దున్నే లేచి గూడు ఊడ్చి, నీళ్లు మార్చి, తూకం వేసి రాసుకుంటున్నాడు. పద్ధెనిమిదేళ్లకు ఒక సీటు రాలేదు, అంతే. మన జిల్లాల నుంచి పని కోసం హైదరాబాదు, చెన్నై రైలెక్కే పిల్లలను ఎంతమందిని చూశారు మీరు? మీవాడు ఇంటి దగ్గర ఒక పని చేతికి తెచ్చుకున్నాడు. అతని గురించి టెన్షన్ పడాల్సినంత ఏమీ జరగలేదని నా మాట.

ఈ ఆదివారం అతని పక్కన కూర్చుని నోటుబుక్కు చూడండి. మార్కులు వెయ్యకండి. ఎండుచేపలు ఎక్కడివి కొంటున్నాడో మాత్రం అడగండి. సముద్రం ఒడ్డున ఆరబెట్టినవాటిలో ఉప్పు పట్టించినవే ఎక్కువ ఉంటాయి. తొమ్మిదో తరగతిలో నేను మా అమ్మ కోళ్లకు ఉప్పుచేపల పొడి కలిపి, పైన ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను. కోడిపిల్లలు నీళ్ల చిప్ప వదలకుండా తాగి తాగి, మూడో రోజుకు పదకొండు పోయాయి. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు చేపలు వాడితే విడిగా ఉప్పు వెయ్యొద్దని అతనికి నా మాటగా చెప్పండి.