ఆ తలుపు ఎందుకు తెరుస్తున్నారో ముందు అడుగు

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది, బాగా టెన్షన్ పడుతున్నావని. జర్మనీకి పంపే పౌచ్ ప్యాకింగ్ మెషీన్లకు యూరప్ కొత్త రూల్ వస్తోందన్నావు. కంపెనీలో ఇరవై మందికి ట్రైనింగ్ బాధ్యత నీ నెత్తిన పెట్టారన్నావు. వంద స్లైడ్లు కూడా సిద్ధం చేశానన్నావు. ఆ స్లైడ్లు పక్కన పెట్టమ్మా. స్లైడ్లు చూసి గార్డు, అంటే ప్రమాదం దాకా చెయ్యి పోకుండా పెట్టే అడ్డు, సరిగ్గా కట్టిన ఫిట్టర్‌ని నా సర్వీసులో ఒక్కణ్నీ చూడలేదు.

నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో ఇలాంటి మెషీన్లే చేసేవాళ్లం. పౌచ్‌ని వేడితో నొక్కి అతికించే దవడను సీలింగ్ జా అంటాం. దాని ముందు తలుపు, తలుపుకు మాగ్నెట్ స్విచ్. తలుపు తీస్తే మెషీన్ ఆగాలి. డ్రాయింగ్‌లో ఏ లోపమూ లేదు. ఓసారి కస్టమర్ దగ్గరికి సర్వీసుకి వెళ్తే తలుపు బార్లా తెరిచి ఉంది, మెషీన్ మాత్రం టకటకా నడుస్తోంది. స్విచ్ మీద చిన్న అయస్కాంతం ముక్క, అది ఊడిపోకుండా నల్ల టేపు. ఆపరేటర్ని కేకలేయబోయాను. అతను నెమ్మదిగా అన్నాడు: "సార్, గంటకు నాలుగైదు సార్లు ఫిల్మ్ ఇరుక్కుంటుంది. తలుపు తీస్తే హీటర్లు కూడా ఆఫ్. మళ్లీ వేడెక్కాలంటే పది నిమిషాలు. షిఫ్టు లెక్క ఎవరు చెప్పుకోవాలి?"

నోట మాట రాలేదు. హీటర్లను కూడా తలుపు స్విచ్‌తో కలిపి వైరింగ్ చేసింది మేమే. వెనక్కొచ్చి రిపోర్టు రాశాను, అది ఫైల్లో పడి ఉంది. నేనూ వెంటపడి అడగలేదు. రెండు నెలలకు అదే మెషీన్ మీద ఇంకో షిఫ్టు కుర్రాడికి చూపుడు వేలి కొస పోయింది.

అందుకని మొదటి రోజు అందర్నీ మెషీన్ ముందు నిలబెట్టు. ఈ తలుపు ఎవరు తీస్తారు, ఎందుకు తీస్తారు అని అడుగు. సర్వీసుకు తిరిగే కుర్రాళ్లను తప్పకుండా పిలువు, డిజైన్ వాళ్లకు తెలియనివన్నీ వాళ్లకే తెలుసు. మెషీన్ భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12100. దాని ప్రకారం రిస్క్ లెక్క రాసేటప్పుడు మాన్యువల్లో చెప్పినట్టు వాడటం ఒక్కటే చూస్తే చాలదు. మనుషులు ఎలా తప్పుగా వాడతారో ముందే ఊహించగలిగినదంతా అందులోకి రావాలి. అయస్కాంతం సంగతి అక్కడ రాయాల్సిందే.

తర్వాత ఫిట్టర్ల చేతికి కొలత టేపు ఇవ్వు. గార్డుకూ ఫ్రేముకూ మధ్య సందు 15 మి.మీ. ఉంటే, లోపలి ప్రమాదం కనీసం 120 మి.మీ. అవతల ఉండాలని భద్రతా దూరాల ప్రమాణం ఐఎస్ఓ 13857లోని పట్టిక చెప్తుంది. అదే సందు 25 మి.మీ. అయి, పొడవు 65 మి.మీ. దాటితే దూరం 850 మి.మీ.కి పోతుంది, ఎందుకంటే అప్పుడు మొత్తం చెయ్యే దూరిపోతుంది. ఈ రెండు అంకెలు చెప్పి మీ మెషీన్ చుట్టూ వాళ్లనే కొలవమను. వెనకవైపు ఫిల్మ్ రోలు లోపలికి వెళ్లే చోట ఏదో ఒకటి దొరుకుతుంది చూడు.

ఎలక్ట్రీషియన్లకు ఇంకో లెక్క. మనిషి సెకనుకు 1600 మి.మీ. వేగంతో దగ్గరికొస్తాడని లెక్కేస్తారు. తలుపు తీశాక జా ఆగడానికి అర సెకను పడితే, తలుపుకీ జాకీ మధ్య కనీసం 800 మి.మీ. ఉండాలి. మీ మెషీన్లో అంత జాగా ఎక్కడిది? అంటే ఇంకా త్వరగా ఆగేలా చెయ్యాలి, లేదా పూర్తిగా ఆగేదాకా తలుపు తెరుచుకోకుండా లాక్ పెట్టాలి. ఆగే టైము ఊహించి రాయొద్దు, కొలిచి రాయండి.

ఇక కొత్త రూల్ సంగతి. యూరప్‌లో మెషీన్ల భద్రతకు ఇప్పటిదాకా నడిచింది 2006/42 డైరెక్టివ్. దాని స్థానంలో వచ్చే 2023/1230 రెగ్యులేషన్ 2027 జనవరి 20 నుంచి అమలు. మెషీన్ తయారైన తేదీ కాదు, యూరప్ మార్కెట్లోకి వచ్చిన తేదీయే లెక్క. డిసెంబరులో కంటైనర్ ఎక్కించి ఊపిరి పీల్చుకుందామని మీ డిస్పాచ్ వాళ్లు అనుకుంటే, సముద్రం మీదే రూల్ మారిపోతుంది. వాళ్లనీ ట్రైనింగ్‌కి పిలువు.

నాకు ఎక్కువ భయం ప్రోగ్రామింగ్ దగ్గరే. మెషీన్ని నడిపే చిన్న కంప్యూటర్ పీఎల్సీ కదా, మీ పీఎల్సీ ప్రోగ్రామర్ ఇంట్లో కూర్చుని మోడెమ్ ద్వారా జర్మనీ మెషీన్లో మార్పులు చేస్తాడన్నావు. ఏ వెర్షన్ ఎప్పుడు ఎక్కించాడో ఎక్కడైనా రాసుంటుందా? కొత్త రూల్ ప్రకారం బయటి కనెక్షన్ వల్ల ప్రమాదం రాకూడదు. సేఫ్టీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా వేలు పెడితే ఆనవాలు ఉండాలి. ఎక్కించిన వెర్షన్ల చిట్టా అయిదేళ్లు ఉండాలి. ఇది అతనికి మొహమాటం లేకుండా చెప్పు, కాంట్రాక్టు మనిషైనా సరే.

సర్వీసు వాళ్లకు ఒక్క మాట: కస్టమర్ కాఫీ ఇచ్చి అడిగాడని అక్కడికక్కడ ఫీడర్, అంటే సరుకు అందించే పరికరం, తగిలించి రావొద్దు. కొత్త ప్రమాదం తెచ్చే పెద్ద మార్పు ఎవరు చేస్తే, ఆ మార్పు వరకు వాళ్లే తయారీదారు బాధ్యత మొయ్యాలి.

మాన్యువల్ ఇకమీదట డిజిటల్‌గా ఇవ్వొచ్చు. కొనేటప్పుడు కస్టమర్ కాగితం మీద అడిగితే నెలలోపు ఉచితంగా పంపాలి. ఆన్‌లైన్‌లో పెట్టింది మెషీన్ నడిచినన్నాళ్లూ, కనీసం పదేళ్లు అందుబాటులో ఉండాలి. డ్రాయింగులు, రిస్క్ లెక్కలు, పరీక్షల రికార్డులు ఉండే టెక్నికల్ ఫైలు కూడా పదేళ్లు దాచాలి. అంటే అది క్వాలిటీ వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఉంటే కుదరదు.

యూరప్ రూల్స్‌కు సరిపోతుందని మెషీన్ మీద వేసే గుర్తు సీఈ. "సీఈ సర్టిఫికెట్ వారంలో తెచ్చిస్తాం" అని మీ యజమానికి ఫోన్లు వస్తూ ఉంటాయి. రూల్ చివర అనెక్స్ 1 జాబితా ఉంది, మీ మెషీన్ అందులో ఉందో లేదో ముందు చూడు. లేకపోతే పరీక్ష మీదే, రూల్ ప్రకారం చేశామనే డిక్లరేషన్ మీద సంతకమూ మీదే. డబ్బులిచ్చి కొన్న కాగితం ఆ సంతకం బరువు మొయ్యదు. ఈ మాట నేను చెప్పానని ఆయనతో అను, నా మీద కోపం వచ్చినా పర్లేదు.

వచ్చే శనివారం బాలానగర్లో పనుంది, మధ్యాహ్నం మీ వర్క్‌షాపుకి వస్తాను. ఆ వెనక సందు కొలిచి ఉంచు. ఫిల్మ్ గంటకు ఎన్నిసార్లు ఇరుక్కుంటోందో కూడా రాసి పెట్టు.

మీ మావయ్య