ప్లేటో వద్దన్న అనుకరణ, పౌలు చేయమన్న అనుకరణ ఒకటేనా?

ప్లేటో, పౌలు చెప్పిన అనుకరణల మీద వ్యాసం రాస్తున్న మీరు, గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ‘రిపబ్లిక్’లో పదో పుస్తకం (అంటే పదో భాగం) ఒక్కటే చదివినట్టున్నారు, అందుకే ప్లేటో అనుకరణను తిడుతుంటే క్రైస్తవ అపొస్తలుడు పౌలు క్రీస్తును పోలి నడుచుకోమనడం పొంతన లేనట్టు అనిపిస్తోంది.

1. పదో పుస్తకంలో ప్లేటో గొడవ చిత్రకారుడితో. వడ్రంగి చేసిన మంచాన్ని అతను ఒక వైపు నుంచి కనిపించినంతే గీస్తాడు, మంచం చేయడం మాత్రం రాదు.

2. చాలామంది వదిలేసేది మూడో పుస్తకం. చిన్నప్పటి నుంచి దేన్ని అనుకరిస్తే అదే ఒంటికీ గొంతుకీ ఆలోచనకీ అలవాటై స్వభావంగా మారిపోతుందని, కాబట్టి అనుకరిస్తే ధైర్యం, నిగ్రహం, భక్తి ఉన్నవాళ్లనే అనుకరించాలని అక్కడ ప్లేటోనే అంటాడు. ఈ పేజీలు దయచేసి నెమ్మదిగా చదవండి.

3. ఇప్పుడు బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, మొదటి కొరింథీయులకు 11:1 తెరవండి. దానికి ముందు వచనంలోనే, సొంత లాభం చూసుకోకుండా పదిమంది మేలు చూస్తున్నానని చెప్పి మరీ పౌలు, తాను క్రీస్తును పోలి నడుస్తున్నట్టే తనను పోలి నడవమంటాడు. వ్యాసంలో దీన్ని మూడో పుస్తకంతో పోల్చండి.