ఇంట్లోనే వ్యాపారం: ఎవరిని అడగాలి, ముందు ఏది?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో సొంత ఫ్లాటు. పచ్చళ్లు, కారప్పొడులు చేసి ఫోన్ ఆర్డర్ల మీద అమ్మాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్ తీసుకున్నాను. అసోసియేషన్ సెక్రటరీ మాత్రం ‘జోనింగ్ పర్మిషన్ తెచ్చి చూపించండి’ అంటున్నారు. అదెక్కడ ఇస్తారు?

జవాబు: ఆ పేరుతో మీ చేతికొచ్చే కాగితం ఉండదు. జోనింగ్ అంటే మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలానికి రాసిపెట్టిన వినియోగం. నివాస జోన్‌లో ఇంటివాళ్లు చేసుకునే చిన్న పనులకు, డాక్టరు, లాయరు వంటివారి సొంత కన్సల్టింగ్ గదులకు నిబంధనల్లో చోటుంది. ఇల్లు ఇల్లుగానే ఉంటూ అందులో పని జరుగుతోందా, పని కోసం ఇల్లు దుకాణమైపోయిందా అన్నదే తేడా. జీతానికి మనుషులు, గుమ్మం దగ్గర కొనేవాళ్ల వరుస, గోడకు బోర్డు, మెట్ల కింద అట్టపెట్టెలు కనిపించాయంటే టౌన్ ప్లానింగ్ సిబ్బంది మిమ్మల్ని రెండో లెక్కలోనే వేస్తారు.

మీ ల్యాండ్ యూజ్ ఏమిటో రూఢిగా తెలియాలంటే హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టండి. చాలామంది ప్లాట్ నంబరు రాసి తిరుగుటపా అందుకుంటారు. మాస్టర్ ప్లాన్ గ్రామం, సర్వే నంబరు మీద నడుస్తుంది. ఆ రెండూ మీ సేల్ డీడ్ చివర షెడ్యూల్‌లో ఉంటాయి.

ఉద్యమ్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రెండూ అవసరమే, కానీ స్థల వినియోగం గురించి అవి ఏమీ చెప్పవు. ఉద్యమ్ కేవలం మీ వ్యాపారం నమోదైందని చెప్పే కాగితం, ఉచితంగా వస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చూసేది వంట శుభ్రతను. జీఎస్టీలో ఇంటి అడ్రసు చూపించినా అంతే. (సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే అమ్మకాల పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. పక్క రాష్ట్రంలోని బంధువుల మాట విని కూర్చోకండి.) కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కూడా ల్యాండ్ యూజ్‌ను మార్చదు. విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి ఫీజు కట్టించుకుంటారు, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ‘లైసెన్స్ ఉందిగా’ అన్న వాదన టౌన్ ప్లానింగ్ నోటీసు ముందు నిలబడదు.

ఇక అసోసియేషన్. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు యజమాని బైలాస్‌కు (అసోసియేషన్ రాసుకున్న నియమాలకు) కట్టుబడాలి. బైలాస్‌లో ‘నివాసానికి మాత్రమే’ అని ఉంటే ప్రభుత్వ కాగితాలు ఎన్ని తెచ్చినా సెక్రటరీ మాటే చెల్లుతుంది. కాబట్టి ముందు బైలాస్ కాపీ అడిగి తీసుకోండి. నిషేధం లేకపోతే జనరల్ బాడీలో రాతపూర్వకంగా తీర్మానం చేయించుకోండి. పోపు ఘాటు ఏ టైములో, డెలివరీ బాయ్ ఏ లిఫ్టు వాడతాడు, గ్యాస్ సిలిండర్లు ఎన్ని, ఇవన్నీ అందులో ఉండాలి. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌తో అమ్మకానికి వండటం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోలది తీసుకోవాలి. అయితే దాన్ని మూడో అంతస్తు వంటగదిలో పెట్టడానికి పొరుగువాళ్లు ఒప్పుకుంటారా? ఫ్లాట్లలో పచ్చళ్ల పని ఎక్కువగా ఇక్కడే ఆగుతుంది. నెలకు వంద కిలోలు దాటేలా ఉంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకోవడమే మేలు.

ప్రశ్న: విజయవాడలో సొంత ఇల్లు. ముందు గదిలో మా ఆవిడ బ్యూటీ పార్లర్ పెట్టింది. కరెంటు వాళ్లు తనిఖీకి వచ్చి ‘కేటగిరీ మారాలి, జరిమానా పడుతుంది’ అన్నారు. ఒక్క గదికే ఇంత రాద్ధాంతమా?

జవాబు: గది ఒక్కటే కావచ్చు, మీటరూ ఒక్కటే కదా. అసలు చిక్కు అదే. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం-2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది. వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. ఇల్లూ పార్లరూ ఒకే మీటరు మీద ఉంటే, ఏసీకి ఎన్ని యూనిట్లు, హెయిర్ డ్రయ్యర్‌కు ఎన్ని అని విడదీసి చూపే ఆధారం మీ దగ్గర ఉండదు.

ముందుగా వచ్చేది ప్రొవిజనల్ ఆర్డరు. ఒప్పుకుంటే ఏడు రోజుల్లో కట్టేయవచ్చు. లేదంటే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. పార్లర్ మొదలైన తేదీకి ఆధారం ఉంటే (కుర్చీల బిల్లు, మొదటి యూపీఐ జమ) జత చేయండి, 12 నెలలు కాస్తా నాలుగో అయిదో అవుతాయి. ఫైనల్ ఆర్డరు మీద 30 రోజుల్లో అప్పీలుకు పోవచ్చు గానీ సగం సొమ్ము ముందే కట్టాలి.

ఆ గదికి విడి వైరింగ్ లాగించి, కేటగిరీ-2లో (కమర్షియల్) వేరే మీటరు పెట్టించుకోండి. ఇంటి మీటరు గృహ కేటగిరీలోనే ఉంటుంది.

ఆస్తి పన్నులోనూ ఆ గదిని విడిగా చూపించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పన్ను మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం పరిధి పెట్టారు. మీరు చెప్పకుండా ఊరుకుంటే, కొలతకు వచ్చినవాళ్లు గ్రౌండ్ ఫ్లోర్ మొత్తాన్ని నివాసేతరంగా రాసుకుపోవచ్చు. గది కొలతలు మీరే రాసివ్వండి. ట్రేడ్ లైసెన్స్‌కు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోండి. ఒక్క సంగతి: ముందు గోడ పగలగొట్టి సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) షట్టర్, రేకుల షెడ్డు లాగకండి. పార్లర్‌ను చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు కూడా షెడ్డును వదలరు.

ప్రశ్న: నిజామాబాద్‌లో మా ఇంటి పక్క రేకుల గదిలో 5 హెచ్‌పీ పిండి మర పెట్టవచ్చా?

జవాబు: పచ్చళ్లలా ఇది ‘ఇంటి పని’ కింద రాదు. చప్పుడు, దుమ్ము, రోజంతా వచ్చిపోయే జనం. ముందు మున్సిపల్ కార్పొరేషన్‌లో ల్యాండ్ యూజ్ అడగండి, తర్వాత ట్రేడ్ లైసెన్స్, ఆ పైన కనెక్షన్. మోటారు కొనడం అన్నింటికన్నా చివర. లోడు సుమారు 3.73 కిలోవాట్లు. పిండి మరలు పరిశ్రమల కేటగిరీ-3లోకి వస్తాయి, కమర్షియల్‌లోకి కాదు. దరఖాస్తులో అది స్పష్టంగా రాయించండి. మరను పొరుగింటి ఉమ్మడి గోడకు ఆనించకుండా విడి కాంక్రీట్ దిమ్మె మీద బిగించండి. ఫిర్యాదు ఎక్కువగా అదురు మీదే వస్తుంది.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం, నాది హెచ్-4 (డిపెండెంట్ వీసా). ఇంట్లో అరిసెలు, జంతికలు, ఆవకాయ చేసి అమ్మడానికి సిటీ జోనింగ్ అడ్డొస్తుందా?

జవాబు: జోనింగ్ కన్నా ముందు వీసా చూసుకోండి. ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేకుండా హెచ్-4 మీద ఇంట్లో వ్యాపారం చేసినా అది అనుమతి లేని పనే. ఈఏడీ ఉంటే దారి సులువు: కాటేజ్ ఫుడ్ (ఇంట్లో చేసి అమ్మే తిండి) తయారీకి ఇంటిని వాడటాన్ని జోనింగ్ ఆర్డినెన్స్‌తో నిషేధించే అధికారం టెక్సస్‌లో సిటీలకు లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చేయాలి, లేబుల్ నిబంధనలు పాటించాలి. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి మాత్రం కుదరవు, మాంసం, చేపల వంటివి ఆ చట్టం పరిధిలోకి రావు. మీ కమ్యూనిటీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని నిబంధనలు వేరు, అవి చదవకుండా మొదలుపెట్టకండి.