నాన్న సంతకం నువ్వు పెట్టకు

చిరంజీవి పద్మకి అత్తయ్య ఆశీస్సులు.

మీ నాన్న కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి జరిగినదంతా మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చావట, బ్యాంకు, పింఛను, ఇంటిపన్ను, ఆసుపత్రి లెక్కలు అన్నీ నెత్తిన వేసుకున్నావట. విని కడుపు నిండింది. ఆ వెంటనే ఇంకో మాట అంది: "నాన్న సంతకం దీనికి అచ్చు గుద్దినట్టు వచ్చు వదినా, ఇక బ్యాంకు సంగతి బెంగ లేదు" అని. నాకు బెంగ పట్టుకున్నదే అక్కడ. ఏడో తరగతి మార్కుల కార్డు మీద నేర్చుకున్న విద్య అది, నాకు తెలియదనుకోకు. ఫోనులో చెబితే "సరే అత్తయ్యా" అని వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

చిన్న సంగతులు ముందు తేల్చేస్తాను. కొరియర్ వస్తే, రిజిస్టర్డ్ పోస్టు వస్తే, అపార్టుమెంటు సంఘం నోటీసు వస్తే నీ పేరుతోనే సంతకం పెట్టు. పక్కన "కూతురు, తండ్రి తరపున" అని రాసి తేదీ వెయ్యి. పని అయిపోతుంది. ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇలాంటి చోట కూడా ఆయన పేరు నీ చేత్తో రాయడం అలవాటు చేసుకోకు, ఆ అలవాటు కౌంటరు దాకా వస్తుంది.

ఇక అసలు తప్పు. ఇది మన ఇళ్లలో ఎంత పాతదంటే, ఎవరూ దీన్ని తప్పనుకోరు. మందులకి డబ్బు కావాలి, విత్‌డ్రాయల్ ఫారం తీస్తారు, మంచం మీదున్న మనిషి తల ఊపుతాడు, కొడుకో కూతురో ఆయన సంతకం గీసేస్తారు. ఒకసారి చెల్లుతుంది. రెండోసారి ధైర్యం వస్తుంది. తర్వాత ఎఫ్‌డీ రెన్యువల్, ఆ తర్వాత నామినేషన్ ఫారం, ఆ తర్వాత ఇంకేదో. బయటపడేది మొదటి ఫారం దగ్గర కాదు, నాలుగేళ్ల తర్వాత ఆస్తి పంపకాల దగ్గర.

ఎలా బయటపడుతుందో కూడా తెలుసుకో. అనుకరించిన సంతకం ఎంత బాగున్నా, దాన్ని రాయరు, బొమ్మలా గీస్తారు. అలవాటైన చెయ్యి వేగంగా పోతుంది. ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కుతుంది, తోక దగ్గర సిరా పలచబడుతుంది. చూసి వేసే చెయ్యి నెమ్మదిగా పోతుంది, ఒత్తిడి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన చోటు భూతద్దంలో ముడిలా కనిపిస్తుంది. మీ నాన్న సంతకం కింద ఆ గీత, గీత మీద రెండు చుక్కలు ఉంటాయి కదా, అందరూ పట్టుకునేది ఆ చుక్కల్నే. నిపుణుడు చుక్కల జోలికి పోడు, గీత ఎక్కడ మొదలై ఎంత వేగంగా ఆగిందో చూస్తాడు.

నీ విషయంలో అంత దూరం కూడా పోనక్కర్లేదు. మీ నాన్న కుడిచెయ్యి పడిపోయిన తేదీ డిశ్చార్జి సమ్మరీలో అచ్చై ఉంది. ఆ తేదీ తర్వాతి ఫారం మీద నిండుగా, గుండ్రంగా సంతకం ఉంటే, అది ఎంత బాగా కుదిరితే నీకు అంత చేటు. వంకరగా ఉంటే ఆయనే పెట్టాడేమో అనుకుంటారు. చక్కగా ఉంటే ఇంకెవరో పెట్టారని పసిపిల్లలు కూడా చెబుతారు.

"నాన్న ఒప్పుకునే కదా పెట్టాను, ఇందులో మోసం ఏముంది" అంటావు. ఫోర్జరీ అనాలంటే మోసగించే ఉద్దేశమో, ఒకరికి నష్టం చేసే ఉద్దేశమో ఉండాలి, నిజమే. కానీ ఆయన ఒప్పుకున్నాడని రేపు చెప్పాల్సింది ఆయనే. ఆయన చెప్పలేని రోజున నీ మాటకి సాక్ష్యం ఏముంది? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీ 336వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. చెక్కులు, వీలునామాలు లాంటి విలువైన పత్రాల మీదైతే 338, అక్కడ శిక్ష పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా పోతుంది. నువ్వు జైలుకి పోతావని కాదు నా భయం. మీ అన్నయ్య మంచివాడే. కానీ పంపకాలప్పుడు మంచివాళ్ల పక్కన కూర్చుని చెవిలో ఊదేవాళ్లు ఉంటారు. ఒక్క ఫారం చూపించి "ఇది నాన్న సంతకం కాదు కదా" అంటే, నువ్వు సేవ చేసినన్నాళ్లూ ఆ ఒక్క మాటకింద పోతాయి. బ్యాంకు కౌంటరు లోపలివైపు కూర్చున్నదాన్ని, ఇలాంటి అక్కాతమ్ముళ్లని చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. ఓటీపీ చెప్పి, పిన్ను కొట్టి లాగేయడం వేరే సంగతి అనుకోకు. అదీ సంతకమే.

మరి ఏం చెయ్యాలి? ముందు ఆయన చేత్తో ఏమవుతుందో చూడు. ఎడమచెయ్యి బాగానే ఉందట కదా. రోజూ కాస్సేపు, లావు పెన్నుతో, అట్ట మీద కాగితం పెట్టి రాయించు. పూర్తి పేరు అక్కర్లేదు, ఇంటిపేరు మొదటి అక్షరం, పేరులో రెండక్షరాలు చాలు. ప్రతిసారీ ఒకేలా రావాలి, అంతే. కుదిరాక పాత సంతకం మార్చి కొత్త నమూనా ఇస్తున్నామని బ్యాంకుకి రాసివ్వాలి, మేనేజరు ముందు పెట్టించాలి. నా తమ్ముడు జీవితమంతా హెడ్‌మాస్టరుగా పిల్లల టీసీల మీద సంతకాలు చేసినవాడు. నిశాని వెయ్యమంటే వాడికి ప్రాణం పోయినట్టుంటుంది. వాడి మొండితనం నీకంటే నాకు బాగా తెలుసు, తొందరపెట్టకు.

అది కుదరకపోతే వేలిముద్రే. దానికీ పద్ధతి ఉంది. వేలు తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. ముసలివాళ్ల వేళ్ల గీతలు అరిగి ఉంటాయి, చెమటో నూనో ఉంటే అసలు పడవు. ఇంకు ప్యాడ్ మీద అద్దేటప్పుడు గట్టిగా నొక్కితే గీతల మధ్య సందులు సిరాతో నిండిపోయి కాగితం మీద మచ్చ మిగులుతుంది. దాన్ని దేనితోనూ పోల్చలేరు. పలచగా అద్ది, వేలిని గోరు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఒక్కసారి దొర్లించాలి. వెనక్కి తిప్పకూడదు. ఆయన నొక్కకూడదు, చెయ్యి వదులుగా వదిలేస్తే పక్కవాళ్లు దొర్లించాలి. పక్కనే "ఫలానా వారి ఎడమచేతి బొటనవేలి ముద్ర" అని రాయాలి, ఏ చెయ్యో తప్పకుండా ఉండాలి. దాని కింద "చదివి వినిపించగా అర్థం చేసుకుని వేసినారు" అన్న వాక్యం, చదివిన వాళ్ల సంతకం. ఈ వాక్యం లేని నిశాని కోర్టులో సగం ప్రాణంతో ఉంటుంది.

బ్యాంకులో దీనికి దారి ఎప్పటినుంచో ఉంది, కౌంటరులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి తెలియకపోవచ్చు. సంతకం చెయ్యలేని, బ్యాంకుకి రాలేని ఖాతాదారుల గురించి రిజర్వు బ్యాంకు చెప్పింది ఇది: వేలిముద్ర గానీ, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర గానీ తీసుకోవచ్చు. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ముద్ర కూడా వెయ్యలేని మనిషి చెక్కు మీద ఏదైనా గుర్తు పెట్టినా చాలు, అదే పద్ధతిలో సాక్షులు ఉండాలి. డబ్బు తీసుకునేది ఎవరో ఆయన చూపించాలి, ఆ మనిషి తన సంతకం బ్యాంకుకి ఇవ్వాలి. నువ్వు పెట్టాల్సిన సంతకం అది, నీది. డెబ్బై దాటినవాళ్లకీ, జబ్బుతో కదల్లేనివాళ్లకీ ఇంటికొచ్చి సేవలందించాలని 2017 నవంబరులో బ్యాంకులకి చెప్పారు. బ్రాంచికి రాతపూర్వకంగా అడుగు, నోటిమాటకి జవాబుండదు.

రోజువారీ తీతలకి బ్యాంకులోనే మాండేట్ ఫారం ఉంటుంది. ఖాతా ఆయనదే, నడిపేది నువ్వు. పింఛను ఖాతా అయితే అమ్మతో జాయింటు చేయించడం నయం. పదిచెక్కుల మీద ఖాళీగా ముద్ర వేయించి బీరువాలో పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు. పింఛనుకి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ నీ వల్ల కాదు, ఆయన ముఖమో వేలో ఉండాల్సిందే, ప్రభుత్వ డిజిటల్ పద్ధతి జీవన్ ప్రమాణ్‌లో ఇంట్లోంచే అయిపోతుంది.

బ్యాంకు దాటిన పనులకి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఆయన తరపున పనులు చేసే అధికారపత్రం) రాయించు. "సమస్త అధికారాలు ఇచ్చితిని" అని ఒక్క వాక్యంతో ముగించే లేఖరి దగ్గరికి పోకు. ఈ పత్రాన్ని కోర్టులు బిగించి చదువుతాయి, రాయని అధికారం లేనట్టే. ఇన్‌కం ట్యాక్సు, కరెంటు మీటరు, అద్దెలు, బీమా క్లెయిము, కేసులేమైనా ఉంటే వకీలుని పెట్టుకోవడం, ఒక్కోదానికి ఒక్కో పేరా. ఇల్లు అమ్మే అధికారం అవసరం లేకపోతే రాయించుకోకు. ఆ ఒక్క పేరా లేకపోతే మీ అన్నయ్య కూడా హాయిగా నిద్రపోతాడు. నోటరీతో సరిపెట్టకుండా రిజిస్టరు చేయించు. ఆఫీసుకి వెళ్లలేని రోగి కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికి రావడానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే వీలుంది. అదే రోజు డాక్టరు చేత "స్పృహలో ఉన్నారు, చదివింది అర్థమవుతోంది" అని రాయించి జతచెయ్యి.

ఆ పత్రం చేతికి వచ్చాక కూడా ఆయన పేరు నువ్వు రాయక్కర్లేదు. 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం రెండో సెక్షన్ ప్రకారం, అధికారం పొందినవాళ్లు తమ పేరుతో, తమ సంతకంతో చేసినా ఇచ్చినవాళ్లు చేసినట్టే. పైన ఆయన పేరు, "తరపున", కింద నీ సంతకం, దాని కింద నీ పేరు, "జీపీఏ హోల్డరు", తేదీ. "తరపున" మర్చిపోయి చెక్కు మీదో ప్రామిసరీ నోటు మీదో ఉత్త నీ సంతకం పెట్టావనుకో, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షన్ ఆ బాకీ నీ నెత్తినే పెడుతుంది.

ఇక్కడ రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాయాలి. వాడు నా తమ్ముడు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన మనిషి పోయినా, మతి తప్పినా ఆ అధికారం అక్కడితో సరి. స్పృహ తప్పిన రోజున ఉపయోగపడుతుందని జీపీఏ రాయించుకుంటారు అందరూ, సరిగ్గా ఆ రోజునే అది పనికిరాకుండా పోతుంది. అప్పుడు కోర్టుకి వెళ్లి గార్డియన్‌గా నియమించమని అడగాల్సిందే. అందుకే జాయింటు ఖాతా, నామినేషన్లు ఈ నెలలోనే చూసుకో. జరగరానిది జరిగితే ఖర్చులకని ఏటీఎం కార్డు పట్టుకుని పరుగెత్తకు. ముందు బ్యాంకుకి చెప్పు. కర్మల డబ్బుకి నేనున్నాను.

ఆసుపత్రిలో "బంధువు సంతకం" అని కాగితం నీ ముందు పెడతారు. ఆయన స్పృహలో ఉండి వింటున్నంతకాలం ఒప్పుకోవాల్సింది ఆయన. అత్యవసరం కానప్పుడు, మెలకువ వచ్చాక తానే నిర్ణయించుకోగల మనిషికి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరుని ఆయన వైపు తిరిగి మాట్లాడమను. మాట తడబడుతోందని ఆయన గదిలో లేనట్టు మాట్లాడుకోవద్దు, నువ్వు కూడా.

వీలునామా రాయాలని ఆయన అంటే నువ్వు ఆ గదిలో ఉండకు. రాసే మనిషి ఎదుటే, అతను చెప్పగా ఇంకొకరు సంతకం పెట్టొచ్చని వారసత్వ చట్టం 63వ సెక్షన్‌లో ఉంది, ఇద్దరు సాక్షులు కావాలి. ఆ "ఇంకొకరు" నువ్వు కాకూడదు. లాభం పొందేవాళ్ల చెయ్యి అందులో ఎంత కనిపిస్తే కోర్టుకి అంత అనుమానం.

జీపీఏ ముసాయిదా రెడీ కాగానే, స్టాంపు కాగితం మీదికి ఎక్కించకముందు నాకు వాట్సాప్‌లో పెట్టు. అదే రోజు మీ అన్నయ్యకీ పెట్టు, నాకు పంపిన సంగతి చెప్పి మరీ. పింఛను బకాయిలు వసూలు చేసే పేరా లేఖరులు ఎప్పుడూ వదిలేస్తారు, అది ఉందో లేదో చూస్తాను.

మీ అత్తయ్య